అల ఎటు నుంచి వచ్చింది? ఔండా నాగనాథ్ దగ్గరి లైగో కేంద్రం తేల్చవలసిన ప్రశ్న

2017 ఆగస్టు 17, గురువారం, సాయంత్రం 6 గంటల 11 నిమిషాలు. నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాల్లో ఇంకా పొద్దు గూకలేదు. ఆ వేళ నైరుతి దిక్కున, దిగంతం నుంచి నడినెత్తి వరకు ఉండే ఎత్తులో మూడో వంతుకు కాస్త పైన, పగటి వెలుతురులో కంటికి కనిపించని హస్త, చిత్త నక్షత్రాలకు కొంత దక్షిణంగా ఉన్న ఒక గెలాక్సీ వైపు నుంచి ఒక అల భూమిలోకి ప్రవేశించింది. అది 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చిన అల. పత్తి చేలనూ, సోయా చేలనూ, గోదావరి నీటినీ, ఇళ్ల గోడలనూ, మనుషుల ఒళ్లనూ దాటుకుంటూ అది సాగిపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆ గెలాక్సీ స్థానాన్ని బట్టి లెక్కవేస్తే, ఈ ప్రాంతాన్ని దాటిన సుమారు 6 మిల్లీసెకన్లకు అది ఇటలీలోని పీసా నగరం దగ్గరున్న విర్గో కేంద్రాన్ని చేరింది. ఆ తరువాత 22 మిల్లీసెకన్లకు అమెరికాలో లూసియానా రాష్ట్రంలోని లివింగ్‌స్టన్ కేంద్రాన్నీ, మరో 3 మిల్లీసెకన్లకు వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్ కేంద్రాన్నీ తాకింది.

ఇలాంటి అలలను, అంటే గురుత్వ తరంగాలను, వినే యంత్రాలు అక్కడ ఉన్నాయి; అమెరికాలోని రెండింటినీ లైగో అంటారు. అల అన్నిటికంటే ముందుగా దాటిపోయిన ఈ వైపున ఒక్కటీ లేదు. ఆ లోటు తీర్చే కేంద్రం ఇప్పుడు హింగోలి జిల్లాలో, ఔండా నాగనాథ్ సమీపంలో రాబోతున్నది. ధర్మాబాద్ నుంచి అక్కడికి సరళరేఖలో 110 నుంచి 120 కిలోమీటర్లు ఉంటుంది. శివరాత్రికి నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి నాగనాథుని దర్శనానికి వెళ్లే తెలుగువారికి ఆ దారి కొత్తది కాదు. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో దీనికి సుమారు 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేయగా, అదే ఏడాది మే 11న శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి దీని గురించి జరిగే చర్చ ఎక్కువగా ఆ కోట్ల చుట్టూ, దేశానికి దక్కే పేరు చుట్టూ తిరుగుతున్నది. ఆ రెండూ పక్కన పెట్టి చూసినా ఈ యంత్రం కావాలి. ఎందుకంటే మిగిలిన ప్రపంచానికి ఇప్పుడు కొరతగా ఉన్నది వినే శక్తి కంటే దిక్కు తెలుసుకునే శక్తి. ఆ కొరతను తీర్చడానికి కావలసింది దూరం. హింగోలికి అది భూగోళమే ఇచ్చింది.

ముందుగా ఆ అల ఏమిటో చూడాలి. నవారు మంచం మీద ఒక మూల బరువైన మనిషి కూర్చుంటే పట్టీలు కుంగుతాయి. అదే మంచం మీద మరో మూల పడుకున్న పిల్లవాడికి ఆ కుంగుదల తెలుస్తుంది. కూర్చున్న మనిషి కదిలితే, ఆ కదలిక పట్టీల వెంట పిల్లవాడి దాకా పాకుతుంది. బరువున్న ప్రతి వస్తువూ తన చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ ఇలాగే వంచుతుందనీ, ఆ వస్తువులు వేగం మార్చుకుంటూ కదిలినప్పుడు ఆ వంపు అలలుగా కాంతి వేగంతో బయటికి సాగుతుందనీ ఐన్‌స్టీన్ 1916లో గణితంతో చూపించాడు. వీటినే గురుత్వ తరంగాలు అంటున్నాము. మరాఠీ పుస్తకాల్లో ఇవే గురుత్వీయ లహరులు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ నడిచే సరిహద్దు ఇళ్లలో పిల్లలకు తరంగమూ లహరీ రెండూ చుట్టాలే కాబట్టి, ఈ ఒక్క పాఠంలో మాత్రం పారిభాషిక పదం అడ్డుపడదు.

తరంగం దాటేటప్పుడు జరిగేది ఒకటే: ఒక దిశలో దూరాలు సాగుతాయి, దానికి అడ్డంగా ఉన్న దిశలో కుంచించుకుంటాయి, మరుక్షణం అది తారుమారు అవుతుంది. మెత్తటి రబ్బరు గాజును రెండు పక్కలా నొక్కితే అది కోలగా మారినట్టు, వదిలి పైనా కిందా నొక్కితే అడ్డంగా కోల అయినట్టు. చిక్కంతా ఆ మార్పు పరిమాణంలో ఉంది. 2015 సెప్టెంబర్ 14న మొట్టమొదటి సారి పట్టుబడిన తరంగం నాలుగు కిలోమీటర్ల పొడవును మార్చింది ఒక ప్రోటాన్ వ్యాసంలో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు మాత్రమే. సూర్యుడికి 36 రెట్లు, 29 రెట్లు బరువున్న, కాంతిని కూడా బయటికి పోనివ్వని రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి కలిసిపోయి, 62 రెట్ల బరువున్న ఒక్క కృష్ణబిలంగా మిగిలాయి. తగ్గిన మూడు సూర్యుళ్ల బరువు సెకనులో స్వల్ప భాగంలో తరంగశక్తిగా మారింది. అంత ఘోరమైన సంఘటన 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరం వచ్చేసరికి అంత సన్నగిల్లింది.

ఇంత సన్నటి మార్పును కొలిచే యంత్రం సూత్రం సులభంగానే అర్థమవుతుంది. కష్టమంతా అమలులో ఉంది. ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలో, నాలుగేసి కిలోమీటర్ల పొడవున రెండు ఉక్కు గొట్టాలు. మూల దగ్గర ఒక లేజరు కాంతిని రెండుగా చీల్చి చెరో గొట్టంలోకి పంపుతారు. చివర ఉన్న అద్దాలకు తగిలి వెనక్కి వచ్చిన రెండు కిరణాలు ఒకదానినొకటి చెరిపివేసేలా అమరిక ఉంటుంది, అంటే మామూలు సమయంలో కొలిచే చోట చీకటి ఉంటుంది. తరంగం దాటి ఒక గొట్టం పొడవు పెరిగి మరొకటి తగ్గినప్పుడు ఆ చెరపడం పూర్తిగా జరగదు, కొద్దిపాటి వెలుతురు బయటపడుతుంది. మార్పు కూడుకోవడానికి కాంతిని ప్రతి గొట్టంలోనూ సుమారు 300 సార్లు అటూ ఇటూ తిప్పుతారు. దాంతో నాలుగు కిలోమీటర్ల గొట్టం 1,200 కిలోమీటర్ల గొట్టంతో సమానమవుతుంది. కాంతి వంగదు, భూమి మాత్రం గుండ్రం. నాలుగు కిలోమీటర్ల దూరంలో నేల సరళరేఖ నుంచి మీటరుకు పైగా కిందికి జారిపోతుంది. చేలో నీటి మట్టం చూసి చదును చేసినట్టు ఈ నేలను చదును చేస్తే కాంతి గురి తప్పుతుంది. కట్టేవారు భూమి వంపును లెక్కలోకి తీసుకుని గొట్టాన్ని నేరుగా నిలపాలి.

అద్దాల సంగతి మరింత ముచ్చటైనది. ఒక్కొక్కటి 34 సెంటీమీటర్ల వ్యాసం, 40 కిలోల బరువు ఉన్న శుద్ధమైన సిలికా దిమ్మ. వాటిని బల్లల మీద నిలపరు, వేలాడదీస్తారు. కారణం ఎవరైనా ఇంట్లోనే చూడవచ్చు. నీళ్లు నింపిన చెంబుకు తాడు కట్టి పైకొస చేత్తో పట్టుకుని చెయ్యిని మెల్లగా అటూ ఇటూ జరిపితే చెంబు వెంట వస్తుంది. అదే చెయ్యిని వేగంగా వణికిస్తే చెంబు దాదాపు కదలకుండా ఉండిపోతుంది. నేల వణుకు చాలా వరకు ఆ రెండో రకానిది. ఒక లోలకం కింద మరొకటిగా నాలుగు లోలకాలు వరుసగా వేలాడదీసి, అన్నిటికంటే అడుగున అద్దాన్ని ఉంచితే, ప్రతి మెట్టు దగ్గరా వణుకు తగ్గుతూ వచ్చి చివరికి అద్దం దాకా చేరదు. ఆ చివరి మెట్టులో వాడేది లోహపు తీగ కాదు, 0.4 మిల్లీమీటర్ల మందం ఉన్న సిలికా పోగులు. 40 కిలోల బరువును గాజుపోగులు మోస్తున్నాయన్న మాట.

ఇంత చేసినా బయటి ప్రపంచం లోపలికి వస్తూనే ఉంటుంది. దగ్గరలో పోయే రైలు, గాలివాన, తీరాన్ని కొట్టే సముద్రం, భూగోళం అవతలి వైపు వచ్చిన భూకంపం, ఇవన్నీ నమోదవుతాయి. 2017 వేసవిలో హాన్‌ఫర్డ్ కేంద్రంలో అంతు చిక్కని చిన్న చిన్న చప్పుళ్లు కనిపించసాగాయి. వెదకగా తేలింది ఏమిటంటే, ద్రవ నత్రజని తీసుకుపోయే గొట్టం మీద పేరుకున్న మంచును అడవి కాకులు దాహంతో ముక్కులతో పొడుస్తున్నాయి. కుండలో రాళ్లు వేసి నీళ్లు తాగిన కాకి కథ తెలిసిన పిల్లలకు ఈ సంగతి చెబితే, ఆ యంత్రం ఎంత సున్నితమైనదో మరే లెక్కా లేకుండానే అర్థమవుతుంది. గొట్టం మీద మంచు పేరుకోకుండా చేశాక ఆ చప్పుళ్లు ఆగాయి.

ఒక కేంద్రం ఎంత బాగా విన్నా, ఆ ఒక్కదానికీ దిక్కు తెలియదు. టెలిస్కోపు తాను చూస్తున్న వైపునే చూస్తుంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు. గురుత్వ తరంగాలను పట్టే యంత్రం చెవి లాంటిది. అన్ని వైపుల నుంచీ, కాళ్ల కింద భూమిలోంచి కూడా, దానికి వినబడుతుంది. వానాకాలం రాత్రి మెరుపు కనిపించని ఉరుమును ఊహించుకోవచ్చు. ధర్మాబాద్‌లో ఒకరు, బాసరలో ఒకరు గడియారాలు పట్టుకుని ఉరుము వినబడిన క్షణాన్ని రాసుకున్నారనుకుందాం. రెండూళ్ల మధ్య దూరం పది పన్నెండు కిలోమీటర్లు. ధ్వని ఆ దూరం పోవడానికి అర నిమిషం పడుతుంది. ఇద్దరూ ఒకే క్షణం రాసుకుంటే, పిడుగు పడిన చోటు రెండూళ్లకూ సమాన దూరంలో ఉన్న గీత మీద ఎక్కడో ఉన్నట్టు. ధర్మాబాద్‌లో పది సెకన్లు ముందు వినబడితే ఆ గీత అటు వంగుతుంది. గీత మీద ఎక్కడ అన్నది మాత్రం ఆ ఇద్దరూ చెప్పలేరు. బిలోలిలో మూడో మనిషి కూడా గడియారం చూసి ఉంటే అప్పుడు చోటు దొరుకుతుంది. ఆ మూడో మనిషి ధర్మాబాద్‌లోనే పక్క వీధిలో ఉంటే కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్ కేంద్రాల మధ్య దూరం 3,000 కిలోమీటర్లు, కాంతికి 10 మిల్లీసెకన్ల ప్రయాణం. 2015లో తొలి తరంగం దొరికినప్పుడు పనిచేస్తున్నవి ఆ రెండే. అందుకే అది ఆకాశంలో సుమారు 600 చదరపు డిగ్రీల పట్టీలో ఎక్కడి నుంచో వచ్చిందని మాత్రమే అప్పుడు చెప్పగలిగారు. ఆకాశంలో పున్నమి చంద్రుడు ఆక్రమించే స్థలం చదరపు డిగ్రీలో ఐదో వంతు. అంటే దాదాపు 3,000 చంద్రబింబాలు పట్టేంత చోటు. కృష్ణబిలాలు కలిసినప్పుడు సాధారణంగా కాంతి పుట్టదు కాబట్టి ఆనాడు అది పెద్ద నష్టంగా తోచలేదు.

2017 ఆగస్టు 17 నాటి తరంగం వేరు. అది రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పటిది. ఒక్కొక్కటీ సూర్యుడి కంటే ఎక్కువ బరువున్నా, అడ్డంగా కొలిస్తే ధర్మాబాద్ నుంచి బిలోలి దాకా సరళరేఖలో ఉండేటంత, సుమారు 20 కిలోమీటర్లు ఉండే గోళాలవి. సుమారు 100 సెకన్ల పాటు తరంగం వినబడింది. నక్షత్రాలు కలిసిన 1.7 సెకన్లకు ఫెర్మి ఉపగ్రహం ఒక గామా కిరణాల మెరుపును పట్టింది. అమెరికాలోని రెండు కేంద్రాల లెక్కతో మొదట తేలిన చోటు 190 చదరపు డిగ్రీలు. విర్గో సమాచారాన్ని కలిపాక అది 30కి దగ్గరగా కుదించుకుపోయింది, చివరికి 28కి వచ్చింది. ఇందులో చెప్పుకోవలసిన విశేషం ఒకటుంది. విర్గోకు ఆ తరంగం చాలా బలహీనంగా వినబడింది. ప్రతి కేంద్రానికీ గొట్టాల అమరికను బట్టి సరిగా వినబడని కొన్ని దిశలు ఉంటాయి. అంత దగ్గరి సంఘటన విర్గోకు సరిగా వినబడలేదంటే అది ఆ దిశల్లో ఒకదాని నుంచే వచ్చి ఉండాలి. వినబడకపోవడమే అక్కడ సమాచారమైంది.

చోటు చిన్నదయ్యాక మిగిలిన పని వేగంగా సాగింది. చిలీలో చీకటి పడగానే, సంఘటన జరిగిన 11 గంటల లోపే, స్వోప్ అనే ఒక మీటరు టెలిస్కోపుతో చూసినవారికి ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీ అంచున నిన్న లేని చుక్క కనిపించింది. ఆ తరువాత సుమారు 70 వేధశాలలు అటు తిరిగాయి. పుణె జిల్లాలోని ఖోడద్ దగ్గరున్న పెద్ద రేడియో టెలిస్కోపు కూడా నెలల తరబడి ఆ చోటును గమనించింది. మొదట నీలంగా మెరిసిన చుక్క కొద్ది రోజుల్లో ఎర్రబడి ఆరిపోయింది. ఆ రంగు మారడంలో ఒక పాత ప్రశ్నకు జవాబు ఉంది. ఇనుము దాకా మూలకాలు నక్షత్రాల కడుపులో వండబడతాయని తెలుసు. బంగారం, ప్లాటినం, యురేనియం లాంటి బరువైనవి పుట్టడానికి న్యూట్రాన్లు వర్షంలా కురిసే చోటు కావాలి. ఢీకొన్న న్యూట్రాన్ నక్షత్రాల నుంచి చిమ్మిన పదార్థంలో సరిగ్గా అదే జరుగుతున్నట్టు ఆ వెలుగు చెప్పింది. ఆ వెలుగులో స్ట్రాన్షియం అనే బరువైన మూలకం జాడను 2019లో విడిగా గుర్తించారు. ఒకప్పుడు కంసాలి గురిగింజలతో తూచి ఇచ్చిన పుస్తెల బంగారం కూడా, భూమి పుట్టక ముందే, 460 కోట్ల ఏళ్లకు పూర్వం, ఇలాంటి చోట్ల తయారై ఉండవచ్చు. అయితే ఇలాంటి ఢీకొట్లే ఏకైక కార్ఖానా అనడం తొందరపాటు. అతి తీవ్రమైన అయస్కాంత బలం ఉన్న ఒక న్యూట్రాన్ నక్షత్రం 2004 డిసెంబర్‌లో విసిరిన మహాజ్వాలను తిరిగి పరిశీలించిన వారు, బరువైన మూలకాల్లో కొంత వాటా అలాంటి జ్వాలలదని 2025లో చూపించారు. ఏ కార్ఖానా వాటా ఎంతో తేలాలంటే ఇంకా ఎన్నో ఢీకొట్లను కాంతిలో చూడాలి.

చూడగలిగామా? 2019 ఏప్రిల్ 25న అలాంటి మరో విలీనం వినబడింది. ఆ సమయానికి హాన్‌ఫర్డ్ కేంద్రం పనిచేయడం లేదు. లివింగ్‌స్టన్‌కు స్పష్టంగా వినబడింది, విర్గోకు అంతంతమాత్రం. తేలిన చోటు 8,000 చదరపు డిగ్రీలకు పైగా, అంటే మొత్తం ఆకాశంలో ఐదో వంతు. ఎన్ని టెలిస్కోపులు వెదికినా వెలుగు దొరకలేదు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెడితే ఔండా కేంద్రం అవసరం తెలుస్తుంది. రెండుసార్లూ వినబడింది, ఒకసారి మాత్రమే కనబడింది. తేడా చాలా వరకు సంఘటన దూరంలోనూ, ఆ రోజు మేలుకుని ఉన్న కేంద్రాల సంఖ్యలోనూ, అవి ఉన్న చోట్లలోనూ ఉంది. సంఘటన దూరం మనిషి చేతిలో లేదు. మిగిలిన రెండూ ఉన్నాయి.

ఔండా నుంచి లివింగ్‌స్టన్‌కు భూమి లోపలి నుంచి గీత గీస్తే సుమారు 11,500 కిలోమీటర్లు. తరంగానికి 38 మిల్లీసెకన్ల దారి. భూమి వ్యాసమే కాంతికి 42 మిల్లీసెకన్ల పైచిలుకు కాబట్టి, నేల మీద దీనికంటే చాలా ఎక్కువ ఎడం దొరకదు. కాలంలో చేసే పొరపాటు అదే అయినా, ఎడం పెరిగిన కొద్దీ దిక్కులో వచ్చే పొరపాటు తగ్గుతుంది. అంతేకాక అమెరికాలోని రెండూ, ఇటలీలోని ఒకటీ కలిపి మూడు బిందువులు ఒక తలాన్ని ఏర్పరుస్తాయి. ఆ తలానికి ఇటు నుంచి వచ్చిన తరంగమూ, అద్దంలో ప్రతిబింబంలా అటు నుంచి వచ్చిన తరంగమూ ఒకే కాలవ్యత్యాసాలు ఇస్తాయి. ఆ తలానికి బాగా బయట ఉన్న నాలుగో బిందువు ఆ సందిగ్ధాన్ని పోగొడుతుంది. జపాన్‌లో కమియోకా గనుల్లో భూమి లోపల నిర్మించిన కాగ్రా కేంద్రం ఆ పని కొంత చేయగలదు గానీ, దాని గొట్టాలు మూడు కిలోమీటర్లవి, వినే శక్తి ఇంకా మిగతావాటి స్థాయికి చేరలేదు. ఇంకొక లాభం మరీ సాదాసీదాది. ఏ కేంద్రమూ ఏడాది పొడవునా నడవదు. ఐదు కేంద్రాలు ఉంటే, ఏ క్షణంలోనైనా కనీసం మూడు మేలుకుని ఉండే అవకాశం బాగా పెరుగుతుంది.

కాంతి పుట్టని కృష్ణబిలాల విషయంలో దిక్కుతో పని ఏమిటన్న సందేహం సహజం. వాటి తరంగాల నుంచి నేర్చుకున్నవి చాలా వరకు దిక్కు తెలియకపోయినా నేర్చుకోదగినవే, అందులో సందేహం లేదు. 2025 జనవరి 14న వినబడిన తరంగం 2015 నాటి దానికి కవల లాంటిది. యంత్రాలు పదేళ్లలో మెరుగుపడినందువల్ల మూడు రెట్లకు పైగా స్పష్టంగా వినబడింది. కలిసేముందు రెండు కృష్ణబిలాల ఉపరితలాల మొత్తం వైశాల్యం సుమారు 2.4 లక్షల చదరపు కిలోమీటర్లు, కలిశాక సుమారు 4 లక్షలు అని దాని నుంచి లెక్కతేలింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిపితే 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు, తెలంగాణ, మహారాష్ట్ర కలిపితే 4.2 లక్షలు. సూర్యుడికి ముప్ఫై రెట్లకు పైగా బరువున్న రెండు వస్తువుల మొత్తం ఉపరితలం రెండు తెలుగు రాష్ట్రాల కంటే చిన్నదని తెలిస్తే కృష్ణబిలం అంటే ఏమిటో కొంత మనసుకు పడుతుంది. కృష్ణబిలాలు కలిసినప్పుడు మొత్తం వైశాల్యం ఎన్నడూ తగ్గదని స్టీఫెన్ హాకింగ్ 1971లో చెప్పిన సూత్రానికి ఇంత గట్టి పరీక్ష అంతకు ముందు జరగలేదు.

ఆ సంకేతం చివరి భాగానికి భారతీయ మూలం ఉంది. బెంగళూరులో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త సి.వి. విశ్వేశ్వర 1970లో ఒక లెక్క ప్రచురించారు: కృష్ణబిలాన్ని కదిలిస్తే అది కొట్టిన గంటలా ఒక నిర్దిష్టమైన స్వరంతో మోగి, త్వరగా సద్దుమణుగుతుంది. గుడి గంట చిన్నదైతే కీచుగా, పెద్దదైతే గంభీరంగా మోగినట్టు, ఆ స్వరాన్ని బట్టి కృష్ణబిలం బరువూ, అది తన చుట్టూ తాను తిరిగే వేగమూ చెప్పవచ్చు. కృష్ణబిలాలు అసలు ఉన్నాయా అని పండితులే తగువులాడుకుంటున్న రోజుల్లో వేసిన లెక్క అది. 2025 నాటి తరంగంలో ఆ గంట స్వరాలు విడివిడిగా దొరికాయి. 2017 జనవరిలో కన్నుమూసిన విశ్వేశ్వర తొలి తరంగం వార్తను మాత్రం చూడగలిగారు.

దిక్కు అవసరం మళ్లీ ఎక్కడ వస్తుందంటే, విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తున్నదన్న లెక్క దగ్గర. తరంగం బలాన్ని బట్టి సంఘటన ఎంత దూరంలో జరిగిందో నేరుగా తెలుస్తుంది. అది జరిగిన గెలాక్సీ ఏదో తెలిస్తే, ఆ గెలాక్సీ ఎంత వేగంగా దూరమవుతున్నదో కాంతి చెబుతుంది. ఈ రెండూ కలిస్తే విస్తరణ రేటు వస్తుంది. ఇప్పుడున్న రెండు పద్ధతుల్లో ఒకటి దాన్ని 67 అంటున్నది, రెండోది 73 అంటున్నది (ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు అన్ని కిలోమీటర్ల చొప్పున). రెండింటి కొలతల్లోనూ పొరపాటు దొరకడం లేదు. 2017 నాటి ఒక్క సంఘటన ఇచ్చిన జవాబు 70, అయితే అటూ ఇటూ పదేసి తేడా రాగల జవాబు. ఆ సందేహం తీరాలంటే గెలాక్సీ చిరునామాతో సహా దొరికిన సంఘటనలు పదుల్లో కావాలి. తరంగాలు ఇప్పటికి 300కు పైగా దొరికినా, తిరుగులేని చిరునామాతో దొరికింది 2017 నాటి ఆ ఒక్కటే.

ఇక స్థలం సంగతి. ఔండా చుట్టూ ఉన్నది నల్లరేగడి. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చి, వానలు పడగానే ఉబ్బి పూడుకుపోయే నేల. ఇల్లు కట్టినవారందరికీ దాని గుణం తెలుసు. దాని కింద ఉన్నది దక్కన్ పీఠభూమి నల్లరాయి, 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా గడ్డకట్టిన పొరలు. కేంద్రం బరువు మోయవలసింది ఆ రాయి. రెండు సముద్రాలకూ వందల కిలోమీటర్ల దూరం ఉండటం, పెద్ద నగరమూ పెద్ద కర్మాగారాలూ పక్కనే లేకపోవడం ఈ చోటుకు అనుకూలమైనవి. మరి భూకంపాలు? 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున కిల్లారి దగ్గర వచ్చిన భూకంపం సుమారు పది వేల ప్రాణాలు తీసిన సంగతి ఈ ప్రాంతం మరచిపోలేదు. హింగోలి జిల్లాలోనే 2024లో మార్చిలో ఒకసారి, జూలైలో ఒకసారి 4.5 తీవ్రతతో నేల కదిలింది. ఇవి పట్టించుకోనక్కరలేనివని చెప్పడం సరికాదు. అయితే యంత్రం రోజువారీ పనికి అడ్డుపడేది ఎప్పుడో వచ్చే కుదుపు కంటే, ఎడతెరిపి లేని చిన్న వణుకు. కుదుపు వస్తే అద్దాల అమరిక చెదిరి కొన్ని గంటలు వినడం ఆగుతుంది, మళ్లీ సర్దుకుంటుంది. పగలూ రాత్రీ ఆగని వణుకు ఉన్న చోట వినడమే మొదలు కాదు. అందుచేత ఈ ఎంపిక సరైనదే, కట్టడాన్ని మాత్రం కిల్లారిని గుర్తుంచుకుని కట్టాలి. మరో మాట కూడా స్పష్టంగా చెప్పాలి. ఈ కేంద్రం ఏ కిరణాలనూ బయటికి పంపేది కాదు, కృష్ణబిలాన్ని తయారుచేసేది కాదు. చుట్టుపక్కల ఊళ్లను అది కోరేది ఒక్కటే, నిశ్శబ్దం. కంకర క్వారీలు, బరువు లారీల దారులు, కొత్త కర్మాగారాలు ఎంత దూరంలో ఉండాలన్నది ముందే తేల్చి, ఆ ఊళ్లవారికి వారి భాషలో చెప్పడం గొట్టాలు వేయడమంత ముఖ్యమైన పని.

ఈ నేలకు ఆకాశంలో చిరునామాలు వెదకడం పూర్తిగా కొత్త కూడా కాదు. 1956లో రాష్ట్రాలు విడిపోయేదాకా నాందేడ్, హింగోలి ప్రాంతాలు మొదట హైదరాబాద్ సంస్థానంలో, 1948 తరువాత హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. కిన్వట్, రాజురా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి, ముధోల్ నాందేడ్‌లో ఉండేది. ఆ సంస్థానపు నిజామియా వేధశాల, అనేక దేశాల వేధశాలలు కలిసి గీసిన ఆకాశపటంలో తన వాటాగా వచ్చిన పట్టీలో లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచి నమోదు చేసింది. ఒక్కొక్క వేధశాల ఒక్కొక్క పట్టీ పంచుకున్నందువల్లే ఆ పటం సాధ్యమైంది. గురుత్వ తరంగాల పని అంతకంటే గట్టిగా ముడిపడినది. అక్కడ ఒక వేధశాల తన వాటా చేయకపోతే పటంలో ఒక పట్టీ ఖాళీగా ఉండేది. ఇక్కడ ఒక కేంద్రం మూతపడితే మిగిలిన కేంద్రాల కొలతల విలువ కూడా తగ్గుతుంది. 2025లో అమెరికా ప్రభుత్వ బడ్జెట్ ప్రతిపాదనల్లో అక్కడి రెండు లైగో కేంద్రాల్లో ఒకదాన్ని ఆపివేయాలన్న సూచన వచ్చినప్పుడు ఖగోళ శాస్త్రవేత్తలు అంతగా ఆందోళన పడటానికి కారణం ఇదే. 2019 ఏప్రిల్ 25 నాటి స్థితి శాశ్వతం కావడమంటే ఏమిటో వారికి తెలుసు.

ఔండా కేంద్రం పూర్తి కావడానికి పెట్టుకున్న గడువు 2030. పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ అయుకా, గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ, ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం, అణుశక్తి శాఖ నిర్మాణ విభాగం కలిసి ఈ పని చేస్తున్నాయి. అద్దాలు, లేజరు వంటి కీలక భాగాలు అమెరికా నుంచి వస్తాయి. కట్టడం, గొట్టాలు, వాటిలోని శూన్యం ఇక్కడివారి బాధ్యత. 2016 ఫిబ్రవరిలో, తొలి తరంగం ప్రకటన వెలువడిన వారం లోపే, సూత్రప్రాయంగా ఆమోదం దొరికినా, డబ్బు మంజూరు కావడానికి ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లలోనే 2017, 2019 నాటి రెండు విలీనాలూ జరిగిపోయాయి. కట్టడం పూర్తయిన మరునాడే తరంగాలు వినబడతాయనుకోవడమూ పొరపాటే. అమెరికా కేంద్రాలు 2002లో వినడం మొదలుపెట్టి, 2010 దాకా ఒక్కటీ పట్టలేకపోయాయి. యంత్రాన్ని కొత్తగా అమర్చాక 2015లో ఫలితం వచ్చింది. ఇక్కడ ఆ అనుభవమంతా తోడుంటుంది కాబట్టి అంత కాలం పట్టకపోవచ్చు. గొట్టాల పని మాత్రం ఎవరికీ తగ్గదు. 1.2 మీటర్ల వ్యాసం ఉన్న ఆ ఉక్కు గొట్టాలను లోపలి గాలిని తోడుతూనే, దాదాపు నెల రోజుల పాటు 150 డిగ్రీలకు పైగా వేడిలో ఉంచి, ఉక్కుకు పట్టుకున్న ఆవిరినీ వాయువులనూ వదిలించాలి.  అమెరికాలో ఒక్కో కేంద్రంలోని పది వేల ఘనమీటర్ల గాలిని తోడి, బయటి గాలిలో లక్ష కోట్లలో ఒక వంతు మాత్రం మిగిలేలా చేయడానికి 1,100 గంటలు పట్టింది. రోజుల్లో లెక్కపెడితే, ఇంచుమించు ఒక మండల దీక్షంత కాలం.